గేటు దగ్గర ముఖాలు, సంపులో నీళ్ళు

ప్రశ్న: నమస్కారం అమ్మా. మాది బెంగళూరులో వర్తూరు దగ్గర 180 ఫ్లాట్ల అపార్టుమెంటు. ఈ ఏడాది నేను సంఘం కార్యదర్శిని. మా నిధిలో 11 లక్షల రూపాయలు మిగిలాయి. ఆ డబ్బుతో గేటు దగ్గర ముఖాన్ని గుర్తుపట్టే యంత్రాలు పెట్టాలనీ, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, డ్రైవర్లు, సెక్యూరిటీ సిబ్బంది అందరూ వాటి ద్వారానే లోపలికి రావాలనీ, పాత ఇంటర్‌కామ్ తీసేసి వచ్చేపోయేవారి అనుమతులన్నీ యాప్‌లోకి మార్చాలనీ, మెయింటెనెన్సును నగదుగా, చెక్కుగా తీసుకోవడం ఆపేయాలనీ కమిటీలో కొందరు ప్రతిపాదించారు. పోయిన ఏడాది ఒక ఇంట్లో గొలుసు పోయింది, సెల్లార్‌లో రెండు సైకిళ్ళు పోయాయి. అందుకే ఈ తొందర. నాకు మనసొప్పడం లేదు గానీ ఎందుకో సరిగ్గా చెప్పలేకపోతున్నాను. 20 ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగులో ఉన్నదాన్ని, అయినా ‘మీరు మార్పుకు అడ్డుపడుతున్నారు’ అన్నారు. మా ఇంట్లో పనిచేసే ఆమెది కదిరి వైపు. ఈ సంగతి చెబితే ‘మీరెట్ల చెప్తే అట్లేనక్కా’ అని ఊరుకుంది. ఇంకోవైపు ఎండాకాలం వస్తే ట్యాంకర్ల బిల్లు మమ్మల్ని ముంచేస్తోంది, దానికి మాత్రం ఏమీ చేయలేమంటున్నారు. వచ్చే నెలలో సర్వసభ్య సమావేశం ఉంది. ఏది ఒప్పుకోవాలి, ఏది కాదనాలి?
— ఒక కార్యదర్శి, బెంగళూరు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదువుతుంటే నా కళ్ళు రెండు చోట్ల ఆగాయి. ఒకటి, మీ ఇంట్లో పనిచేసే ఆమె ‘మీరెట్ల చెప్తే అట్లేనక్కా’ అన్న చోట. రెండోది, ట్యాంకర్ల బిల్లుకు ఏమీ చేయలేమన్న చోట. నా సమాధానం ఈ రెండింటి చుట్టూనే తిరుగుతుంది కనుక ముందుగానే తేల్చి చెబుతాను. ముఖాలను గుర్తుపట్టే యంత్రాలకు ఒప్పుకోకండి. ఇంటర్‌కామ్‌ను తీయనివ్వకండి. యాప్ ద్వారా చెల్లించే వీలు ఉండనివ్వండి గానీ చెక్కునూ నగదునూ మూసివేయనివ్వకండి. ఆ 11 లక్షలలో పెద్ద భాగాన్ని నీటిని కొలిచే మీటర్లకు ఖర్చు పెట్టాలని మీరే ఒక ప్రతిపాదన తీసుకువెళ్ళండి. ఆ మీటర్లూ డిజిటల్ పరికరాలే కనుక, మార్పుకు అడ్డుపడుతున్నారన్న మాట మీ మీద నిలవదు.

మీకు మనసొప్పకపోవడానికి కారణం ఇదని నాకు అనిపిస్తోంది. ఒక పరికరం తెచ్చే సుఖం ఒకరికీ, దాని ఇబ్బంది మరొకరికీ చేరుతున్నప్పుడు, నిర్ణయం చేసేవారికి ఆ ఇబ్బంది కనిపించదు. సుఖమూ ఇబ్బందీ ఒకరివే అయితే ఆ మనిషే తూకం వేసుకుంటాడు, మనం చెప్పవలసిన పని లేదు. 2016లో యూపీఐ వచ్చినప్పుడు బెంగళూరులో తోపుడుబండి మీద కూరగాయలమ్మేవారిని ఎవరూ బలవంతపెట్టలేదు. చిల్లర గొడవ తప్పింది, చీకటిపడ్డాక సంచిలో డబ్బు పెట్టుకుని ఇంటికి నడిచే భయం తప్పింది, చదువు రానివారికి కూడా ఎంత డబ్బు జమ అయిందో చిన్న పెట్టె గట్టిగా చెబుతోంది. అందుకే వాళ్ళే అట్టముక్క మీద క్యూఆర్ కోడ్ అంటించి బండికి కట్టుకున్నారు. అదే నగరంలో 2025 జూలైలో, యూపీఐ జమల లెక్కను బట్టి వాణిజ్య పన్నుల శాఖ వేలాది చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపినప్పుడు, చాలామంది ఆ కోడ్ తీసేసి ‘యూపీఐ లేదు, నగదు మాత్రమే’ అని బోర్డులు పెట్టారు. ఏడాది వ్యాపారం సరుకులకు 40 లక్షలు, సేవలకు 20 లక్షలు పైబడితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరమనీ, పాలు, కూరగాయల వంటి వాటికి పన్నే లేదనీ తెలిసేలోపే భయం వీధులన్నీ తిరిగింది. ఆ నోటీసుల న్యాయాన్యాయాలు వేరే చర్చ. నేను చూపదలచుకున్నది ఒక్కటే: మేలనిపించినప్పుడు కట్టుకున్నారు, కీడనిపించినప్పుడు విప్పేశారు, రెండు సార్లూ నిర్ణయం వాళ్ళ చేతిలోనే ఉంది. మీ గేటు దగ్గర పెట్టబోయే యంత్రం విషయంలో మీ ఇంట్లో పనిచేసే ఆమె చేతిలో ఏముంది?

ఇక దొంగతనాల సంగతి. దీనిని తేలికగా తీసుకోకూడదు. గొలుసు పోయిన ఇంటివారి బాధ నిజమైనది, సమావేశంలో ముందుగా ఆ బాధను గుర్తించండి. ఆ తరువాత ఆ యంత్రం అప్పుడు ఉండి ఉంటే ఏమి జరిగి ఉండేదో అందరినీ నిదానంగా ఆలోచించమనండి. ఆ రోజు లోపలికి ఎవరెవరు వచ్చారో చెప్పి ఉండేది. ఆ సంగతి గేటులోని పుస్తకం కూడా చెబుతుంది, ఎందుకంటే వచ్చేవాళ్ళు రోజూ వచ్చేవాళ్ళే, సెక్యూరిటీకి పేరుపేరునా తెలిసినవాళ్ళే. ఇంటి తలుపు లోపల ఏమి జరిగిందో రెండింటికీ తెలియదు. గొలుసును పనివాళ్ళే తీశారన్న ఆధారం ఉన్నట్టు మీరు రాయలేదు. అయినా పరిష్కారం మాత్రం వాళ్ళ ముఖాల మీదికి వచ్చింది. సైకిళ్ళు పోయిన సెల్లార్‌లో ఏ మూల దీపం వెలగడం లేదో, ఏ దారి రాత్రిపూట తెరిచి ఉంటోందో ఎవరైనా ఒకసారి నడిచి చూశారా? నాలుగు దీపాలు, సైకిళ్ళను కట్టే ఇనుప కడ్డీ, సెల్లార్ దారులకు ఉన్న కెమెరాలు పనిచేస్తున్నాయో లేదో నెలకొకసారి చూసే బాధ్యత ఒకరికి అప్పగించడం, ఇవి కొన్ని వేల రూపాయల్లో తీరే పనులు.

యంత్రం పెడితే మోసం ఆగుతుందన్న నమ్మకం మన దేశంలో పెద్ద ఎత్తున పరీక్షకు వచ్చిన సందర్భం ఒకటుంది. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి నుంచి కూలీల హాజరును ఎన్‌ఎంఎంఎస్ అనే యాప్‌లో, పని జరిగే చోటునే రోజుకు రెండుసార్లు ఫొటో తీసి నమోదు చేయడం తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేని చోట, ఫోను మొరాయించిన రోజున, ఎండలో గోతులు తవ్విన మనిషి కూలి ప్రమాదంలో పడింది. మరి మోసం ఆగిందా? సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారనీ, ఫొటోకే ఫొటో తీసి పంపుతున్నారనీ 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే తన ఉత్తర్వులో రాసింది. మోసం చేయదలచినవాడికి దారి దొరికింది, నిజాయితీగా పనిచేసేవాడికి రోజుకు రెండు పరీక్షలు మిగిలాయి.

ఇప్పుడు ముఖం గురించి. మీరు టెస్టింగులో పనిచేసినవారు కాబట్టి ఇది నాకంటే మీకే బాగా తెలుస్తుంది. పాస్‌వర్డు బయటపడితే మార్చుకోవచ్చు, ముఖం బయటపడితే మార్చుకోలేము. యంత్రం తీసుకునే ముఖం కొలతలు ఏ కంపెనీ సర్వర్లో ఉంటాయి, పనిమానేసి వెళ్ళిపోయిన మనిషివి ఎన్ని రోజుల్లో చెరిపేస్తారు, ఆ కంపెనీని రేపు ఇంకొకరు కొనుక్కుంటే ఆ కొలతలు ఎవరివి అన్న ప్రశ్నలకు మీ కమిటీ దగ్గర రాతపూర్వకమైన సమాధానం ఉందేమో అడగండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం సమ్మతి అనేది స్వేచ్ఛగా, ఫలానా పనికోసమని నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతులు లేకుండా, స్పష్టంగా ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత సులభంగా వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. సమ్మతి కోరే మాటలను రాజ్యాంగంలోని ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చదువుకునే అవకాశం కల్పించాలి, అంటే కన్నడంలోనూ, తెలుగులోనూ, బెంగాలీలోనూ. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధానమైన బాధ్యతలు 18 నెలల వ్యవధి తరువాత అమలులోకి వస్తాయి. డేటాను కాపాడటంలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. వ్యవధి ఉందికదా అని ఈలోగా ఏదైనా చేయవచ్చనుకోవడం పెద్దమనిషి తరహా కాదు. ‘మీరెట్ల చెప్తే అట్లేనక్కా’ అన్న మాట ఈ చట్టం చెప్పే సమ్మతి అవుతుందా అన్నది మీరే ఆలోచించండి. కాదంటే నాలుగు ఇళ్ళలో పని పోతుందని తెలిసిన మనిషి అన్న మాట అది.

యంత్రం తప్పు చేసే సంగతి కూడా ఉంది. 2018లో అమెరికాలో జాయ్ బువోలమ్‌వీని, టిమ్‌నిట్ గెబ్రూ అనే పరిశోధకులు పెద్ద కంపెనీల ముఖ విశ్లేషణ సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. ముఖం చూసి ఆడో మగో చెప్పే చిన్న పనిలో తెల్లని మగవారి విషయంలో పొరపాటు 0.8 శాతానికి మించలేదు, నల్లని ఆడవారి విషయంలో అది 34.7 శాతం వరకు పోయింది. మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ మనుషులను గుర్తుపట్టే అల్గారిథములనే పరీక్షించి, ఒకరిని ఇంకొకరిగా పొరబడటం చాలావాటిలో ఆసియా, ఆఫ్రికా మూలాల ముఖాల విషయంలో 10 నుంచి 100 రెట్లు ఎక్కువగా ఉందని తేల్చింది. అప్పటినుంచి ఈ సాఫ్ట్‌వేర్లు మెరుగుపడ్డాయి, మీకు అమ్మవచ్చినవారు తమది ఇంకా మెరుగైనదనే చెబుతారు. సరే, నూటికి తొంభైతొమ్మిదిసార్లు సరిగ్గా పనిచేస్తుందనే అనుకుందాం. రోజుకు వందమంది వచ్చే గేటులో ఎవరో ఒకరు ప్రతిరోజూ బయట నిలబడాలి. ఆ నిలబడే మనిషికి ఉదయం ఏడుంబావుకు మొదటి ఇల్లు, ఎనిమిదిన్నరకు రెండో ఇల్లు. అక్కడ పిల్లల క్యారేజీ కట్టాలి. ఇరవై నిమిషాలు గేటులో పోతే ఆ ఆలస్యం నాలుగు ఇళ్ళలోనూ మాట పడేదాకా ఆమె వెంట వస్తుంది.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. నేను ఉండే అపార్టుమెంటులో కొన్నేళ్ళ క్రితం గేటుకు యాప్ పెట్టినప్పుడు చేయెత్తినవారిలో నేనూ ఉన్నాను. ఒకరోజు మా వంటావిడ తొమ్మిది దాటినా రాలేదు. ఫోను చేస్తే కలవలేదు. కిందికి వెళ్ళి చూస్తే గేటు బయట, చేతిలో గొడుగుతో, గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఫోను పోతే కొత్త నంబరు తీసుకుంది, పాత నంబరుకు పోయే ఓటీపీ అంకెలు చెప్పలేకపోయింది. తొమ్మిదేళ్ళుగా ఆమెను రోజూ చూస్తున్న సెక్యూరిటీ అతను ‘నాకు తెలుసు మేడమ్, సిస్టమ్ ఒప్పుకోవడం లేదు’ అన్నాడు. ఆ ఇద్దరూ ఒకరికొకరు తెలుసు, ఆ ఇద్దరూ నాకు తెలుసు. మధ్యలో మేము తెచ్చిపెట్టిన వస్తువొక్కటే ఎవరినీ ఎరగదు. ఆ రోజు నేను ఆమెకు క్షమాపణ చెప్పుకున్నాను. తరువాతి సమావేశంలో, తెలిసిన మనిషిని సెక్యూరిటీ తన మాట మీద పుస్తకంలో రాసుకుని లోపలికి పంపవచ్చునన్న తీర్మానం చేయించాను. అంతవరకు ఆ అతనికి ఆ పాటి అధికారం కూడా లేకుండా చేశామన్నది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఇంకొక సంగతి మీ కమిటీకి తట్టి ఉండకపోవచ్చు. రాకపోకల వేళలు యాప్‌లో చేరితే అవి గేటుతో ఆగవు. ఆమె మూడో బ్లాకులో ఎంతసేపు ఉంది, మీ ఇంట్లో ఎంతసేపు ఉంది అన్నది అందరి ఫోన్లలో కనిపిస్తుంది. వాళ్ళింట్లో గంట చేసి మాకు ముప్పావుగంటే చేసిందని లెక్కలు మొదలవుతాయి. కొన్నిచోట్ల పనివారికి మార్కుల్లాగా యాప్‌లో నక్షత్రాలు వేసే పద్ధతి కూడా వచ్చింది. ఒక ఇంటివారితో మాట పట్టింపు వస్తే ఆ మచ్చ మిగిలిన 179 ఇళ్ళకూ తెలుస్తుంది, దానికి జవాబు చెప్పుకునే చోటు మాత్రం ఆమెకు లేదు. ఆమె మనకు నక్షత్రాలు వేసే పద్ధతి ఎక్కడా లేదు.

కాబట్టి సమావేశానికి ముందు ఒక పని చేయండి. ఒక ఆదివారం పదకొండు, పన్నెండు గంటల మధ్య, చాలామంది పని ముగించుకుని వెళ్ళే వేళకు, క్లబ్ హౌసులో కుర్చీలు వేయించి వాళ్ళందరినీ కూర్చోబెట్టి మాట్లాడండి. రాయచూరు, యాదగిరి వైపు నుంచి వచ్చినవారుంటారు, మన అనంతపురం, కదిరి వాళ్ళుంటారు, బెంగాల్, అస్సాం వారుంటారు. ఎవరి భాష వచ్చినవారు ఆ భాషలో అడగాలి. ‘ఇది పెట్టమంటారా’ అని అడిగితే ‘మీ ఇష్టం’ అంటారు. ‘ఈ గేటులోకి వచ్చినప్పటినుంచి పోయేదాకా మీకు దేనితో ఇబ్బంది’ అని అడగండి. టాయిలెట్ ఎక్కడికి వెళ్ళాలో తెలియదనో, లిఫ్ట్ ఎక్కితే ఫలానావారు ముఖం చిట్లిస్తారనో, బయటికి పోయేటప్పుడు అందరి ముందు సంచి విప్పి చూపించమనడం తలవంపులుగా ఉందనో చెప్పవచ్చు. ఆ మాటలు విన్నాక ముఖాల యంత్రం గురించి మీరు సభలో ఎక్కువగా వాదించవలసిన అవసరం రాకపోవచ్చు.

వాళ్ళకు మేలు చేసే డిజిటల్ పని లేకపోలేదు. అసంఘటిత కార్మికుల కోసం కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టులో ఈ-శ్రమ్ పోర్టల్ తెరిచింది. ఇళ్ళలో పనిచేసేవారు కూడా, 16 నుంచి 59 ఏళ్ళ మధ్య వయసు ఉంటే, అందులో ఉచితంగా నమోదై 12 అంకెల సంఖ్యతో కార్డు పొందవచ్చు. బ్యాంకు ఖాతా ఉన్నవారెవరైనా, 18 నుంచి 70 ఏళ్ళవరకు, ఏడాదికి 20 రూపాయలు కట్టి ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేరితే ప్రమాదంలో ప్రాణం పోయినప్పుడు కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. మీ కమిటీలోని కుర్రవాళ్ళకు కంప్యూటర్ల మీద ఇంత ఉత్సాహం ఉంది కదా, రెండు ల్యాప్‌టాపులు, ఒక ప్రింటరు పెట్టుకుని ఒక ఆదివారం పూట అందరికీ ఈ నమోదు చేసిపెట్టమనండి. జీతం ప్రతినెలా ఒకే తేదీన ఆమె సొంత ఖాతాలో వేయమని అన్ని ఇళ్ళవారికీ చెప్పండి. రేపు ఆమె కూతురి చదువుకు అప్పు కావాలని బ్యాంకుకు వెళితే ఆ పాస్‌బుక్కు ఆమె తరఫున సాక్ష్యం చెబుతుంది. అవే కంప్యూటర్లు, అదే ఇంటర్నెట్టు. కాకపోతే రికార్డు ఆమెది, ఆమెకు పనికొచ్చేది.

ఇక నీళ్ళ సంగతికి వస్తాను. 2024 వేసవి మీరు మరిచిపోయి ఉండరు. నగరంలోని సుమారు 14 వేల ప్రభుత్వ బోరుబావుల్లో దాదాపు సగం ఎండిపోయాయి. కార్లు కడగడానికి, తోటలకు తాగునీరు వాడితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. ట్యాంకర్లవాళ్ళు నోటికొచ్చిన ధర అడుగుతుంటే జిల్లా యంత్రాంగం ధరలు నిర్ణయించవలసి వచ్చింది. అయిదు కిలోమీటర్లలోపు 12,000 లీటర్ల ట్యాంకరుకు 1,000 రూపాయలు, పది కిలోమీటర్లవరకు 1,200. అదే ఏడాది అక్టోబరు 16న కావేరి తాగునీటి పథకం అయిదో దశ ప్రారంభమై, నగరంలో కలిసిన 110 గ్రామాల ప్రాంతానికి రోజుకు 77.5 కోట్ల లీటర్ల నీటికి ఏర్పాటు జరిగింది. ఆ నీరు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, మూడు చోట్ల పంపులతో పైకి ఎత్తుకుంటూ వస్తుంది. అంత కష్టపడి వచ్చిన నీరు మన ఇంట్లో ఎంత పోతోందో మనకు తెలియదు, ఎందుకంటే మనం చదరపు అడుగుల లెక్కన మెయింటెనెన్సు కడుతున్నాము. ఇద్దరే ఉండే ముసలివారు, ఆరుగురు ఉండి రోజూ బాత్‌టబ్బు నింపే కుటుంబం, ఫ్లాటు ఒకే కొలత అయితే ఒకే డబ్బు కడుతున్నారు.

మీ అపార్టుమెంటుకే లెక్క వేసి చూడండి. ఇంటికి నలుగురు చొప్పున 720 మంది. నగరాలకు మన దేశంలో వాడే ప్రమాణం ప్రకారం మనిషికి రోజుకు 135 లీటర్లనుకుంటే 97,200 లీటర్లు. బోరు పూర్తిగా ఎండి, కావేరి రాని రోజుల్లో అది 12,000 లీటర్ల ట్యాంకర్లు సుమారు ఎనిమిది. ఆ 2024 నాటి ప్రభుత్వ ధరకే నెలకు 2 లక్షల 40 వేల రూపాయలవుతుంది, ఇప్పుడు మీరు కట్టేది మీ దగ్గరే ఉంటుంది, సరిచూసుకోండి. పది నిమిషాలకొక లీటరు చొప్పున కారే ఫ్లష్ ట్యాంకు రోజుకు 144 లీటర్లు పోస్తుంది, అంటే ఇంట్లో కనిపించని అయిదో మనిషి ఒకడున్నట్టు. అది చప్పుడు చేయదు, ఎవరూ చూడరు, మీటరు మాత్రం చూస్తుంది. మీటరు పెట్టి ఎవరి వాడకానికి వాళ్ళు కట్టే పద్ధతి వస్తే ప్లంబరును పిలిచే ఫోన్లు ఆ నెలలోనే మొదలవుతాయి. వాడకంలో అయిదో వంతు తగ్గినా, ట్యాంకర్ల మీదే బతికే నెలలో 48 వేల రూపాయలు మిగులుతాయి. కొలతవల్ల వచ్చే ఇబ్బంది, మేలు రెండూ ఆ ఇంటివారివే కావడం ఇక్కడి న్యాయం.

కానీ తొందరపడి కొనకండి. మన అపార్టుమెంట్లలో చిక్కేమిటంటే ఒక్కో ఫ్లాటుకు నీరు ఒక్క గొట్టంలో రాదు. వంటింటి షాఫ్టులో, అంటే గొట్టాలు దిగే సందులో ఒకటి, ప్రతి బాత్‌రూము షాఫ్టులో ఒకటి చొప్పున మూడు నాలుగు చోట్ల దిగుతుంది, అన్నిచోట్లా మీటరు కావాలి. 180 ఫ్లాట్లకు అది 500 మీటర్లు దాటవచ్చు, 11 లక్షలు సరిపోకపోవచ్చు. అందుకని మొదట సంపులోకి వచ్చే ప్రతి దారికీ, అంటే కావేరి, బోరు, ట్యాంకరు మూడింటికీ, ఒక్కో పెద్ద మీటరు పెట్టించండి. ట్యాంకరువాడు 12,000 అని చెప్పి ఎంత పోశాడో మొదటి వారంలోనే తెలుస్తుంది. తరువాత బ్లాకుకొకటి. ఏ బ్లాకులో నష్టం ఎక్కువో చూసి అక్కడ ఇంటింటి మీటర్లు. ఈలోగా కొళాయిలకు ఏరేటర్లు, అంటే గాలి కలిపి నీటి ధారను తగ్గించే చిన్న మూతులు బిగించండి. 2024లోనే జలమండలి అపార్టుమెంట్లకు వాటిని తప్పనిసరి చేసింది, అది డిజిటల్ కాదు, బ్యాటరీ అక్కరలేదు, ఖర్చు స్వల్పం. ఓవర్‌హెడ్ ట్యాంకు పొంగకుండా మోటారును ఆపే చిన్న సెన్సరు కూడా పెట్టదగినదే. వైర్‌లెస్ మీటర్లైతే బ్యాటరీ ఎన్నేళ్ళు వస్తుంది, మార్చే ఖర్చు ఎవరిది, ఈ కంపెనీ మూతపడితే మన అంకెలు మనకు వస్తాయా అని టెస్టింగు మనిషిగా మీరే నిలదీయండి.

నీటి మీటరు కూడా హద్దు దాటగలదు. గంటగంటకూ అంకెలు పంపే మీటరు ఆ ఇంట్లో ఎప్పుడు మనుషులున్నారో, ఎప్పుడు ఊరెళ్ళారో చెప్పేస్తుంది. బిల్లు వేయడానికి నెలకొక అంకె చాలు. ఎక్కడో కారుతోందని అనుమానం వస్తే రోజుకొక అంకె, అది కూడా ఆ ఇంటివారికి మాత్రమే కనబడాలి. అవసరానికి మించి సేకరించకూడదన్న నియమం పనివారి ముఖాలకు ఎంత వర్తిస్తుందో మన ఇళ్ళకూ అంతే వర్తిస్తుందని సభలో చెబితే, విషయం అందరికీ తమదిగా అనిపిస్తుంది.

ఇంటర్‌కామ్, నగదు గురించి ఎక్కువ రాయను. మీ 180 ఇళ్ళలో కొడుకుల దగ్గరకు ఊళ్ళనుంచి వచ్చి ఉంటున్న పెద్దవాళ్ళు చాలామందే ఉంటారు. పగలంతా ఇంట్లో ఉండేది వాళ్ళే. యాప్ మాత్రం ఆఫీసులో ఉన్న కొడుకు ఫోనులో మోగుతుంది. అతను మీటింగులో ఉంటే గేటు దగ్గర మందులు తెచ్చిన కుర్రవాడు ఎండలో నిలబడతాడు. ఇంటర్‌కామ్ అయితే గోడకు ఉన్న ఫోను ఎత్తి ‘పంపించు నాయనా’ అనడానికి ఎవరి సాయమూ అక్కరలేదు. యాసిడ్ దాడికి గురై కళ్ళు దెబ్బతిన్నవారు, చూపు లేనివారు బ్యాంకులు మనిషి ఎవరో నిర్ధారించుకునే డిజిటల్ కేవైసీలో, ఎదుట ఉన్నది నిజం మనిషేనని రుజువుగా కనురెప్ప ఆర్పి చూపలేక వెనక్కి వస్తున్నారన్న పిటిషన్లపై సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెబుతూ, డిజిటల్ సేవలు అందరికీ అందుబాటులో ఉండటం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పి, 20 ఆదేశాలు ఇచ్చింది. కనురెప్ప ఆర్పలేనివారు ఉంటారన్న సంగతి ఆ పద్ధతిని తయారుచేసినప్పుడు ఎవరికీ తట్టలేదు. మీ సంఘంలో యాప్ వాడలేని పదిమంది ఎవరో మీకు ఇంటి నంబర్లతో సహా తెలుసు. తెలిసీ వాళ్ళకు తలుపు మూసే తీర్మానం మీద మీరు సంతకం చేయకండి.

సమావేశంలో మీ ప్రతిపాదన మాటగా కాక కాగితం మీద ఉండాలి. ఏ పరికరం పెట్టినా అది ఏ ఒక్క పనికోసమో అందులో రాయండి. అది ఎవరి మీద పనిచేస్తుందో వాళ్ళను అడిగారా లేదా రాయండి. అది పనిచేయని రోజున పుస్తకం, పెన్ను, సెక్యూరిటీ మాట చెల్లుతాయని రాయండి. ఆరు నెలలు చూసి, చెప్పిన మేలు జరగకపోతే తీసేస్తామని, చేరిన వివరాలు ఏ తేదీకి చెరిపేస్తామో రాయండి. ముఖాల యంత్రం అమ్మేవారు ‘మూడు నెలలు ఉచితంగా పెట్టి చూడండి’ అంటారు. ఉచితంగా పెట్టినా ముఖాలు మాత్రం సేకరించేస్తారు కనుక దానికీ ఒప్పుకోకండి. మీ కమిటీలోని చిన్నవారితో వాదులాట పెట్టుకోవద్దు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, తమకు చేతనైన పని చేయాలన్న తపన ఉన్నవాళ్ళు. సంపు దగ్గర పెట్టే మూడు మీటర్ల లెక్కను అందరికీ అర్థమయ్యే విధంగా నోటీసు బోర్డు మీదికి తెచ్చే పని వాళ్ళకే అప్పగించండి.

సభకు ముందు ఆ ఆదివారం వాళ్ళతో మాట్లాడటం మాత్రం మానవద్దు. మీ ఇంట్లో పనిచేసే ఆమెను ఆ రోజు మీ పక్క కుర్చీలో కూర్చోబెట్టుకోండి, అక్కా అని పిలిచే మనిషి పక్కన ఉంటే ఆమె నోరు విప్పవచ్చు. ఆమె ఏమన్నదో నాకు రాయండి.